కళ్లెదుటి గానుగ నుంచి చీటీ మీది మాట దాకా: పశ్చిమ కర్నూలులో సరుకు నాణ్యతను నమ్మిన తీరు

ఇంటికి తెచ్చుకునే సరుకు మంచిదా కాదా అన్న ప్రశ్నకు ప్రతి కాలమూ తనదైన పద్ధతిలో జవాబు వెతుక్కుంది. ఆ పద్ధతులను వరసగా పేర్చి చూస్తే సరుకుల చరిత్రతో పాటు నమ్మకం చరిత్ర కూడా బయటపడుతుంది. నూనె, నెయ్యి, బట్ట, పసుపు, కుంకుడు వంటి నిత్యం వాడే వస్తువుల విషయంలో అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. ఆ తేడాను పూడ్చుకోవడానికి కొనేవారు కొన్నాళ్లు తమ కన్నునూ ముక్కునూ వేలినీ నమ్మారు, కొన్నాళ్లు దుకాణదారు మాటను నమ్మారు, మరికొన్నాళ్లు ప్రభుత్వం వేసిన ముద్రను నమ్మారు. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని మద్దికెర, పత్తికొండ, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ఈ మార్పును దగ్గరగా గమనించడానికి అనువైన సీమ. నూనెగింజలూ పత్తీ పండింది ఇక్కడే, గానుగ తిరిగిందీ మగ్గం ఆడిందీ ఇక్కడే, వాటికి పోటీగా దూరపు మిల్లు సరుకు రైలెక్కి వచ్చి దిగిందీ ఇక్కడే. ఒకప్పటి గృహస్థుకు అసలు భరోసా సరుకును పరీక్షించడంలో కన్నా అది తయారయ్యే పనిని చూడడంలో ఉండేదనీ, ఆ పని కనుచూపు దాటి పోయిన కొద్దీ ఆ ఖాళీని నింపడానికి ముద్రలూ చీటీలూ ప్రయోగశాలలూ పుట్టాయనీ ఈ సీమ అనుభవం చూపుతుంది.

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఈ ప్రాంతమంతా భాగం. ఆ తరువాత ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిశాయి. మద్దికెర ఉన్న పత్తికొండ తాలూకా మాత్రం 1858 నుంచే కర్నూలు జిల్లాలో ఉంది. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గాన్ని కలుసుకుంది. 19వ శతాబ్దం చివరి దశకాల్లో గుంతకల్లు నుంచి నంద్యాల వైపు వేసిన మార్గంలో మద్దికెర ఒక స్టేషనయింది. నల్లరేగడిలో పత్తి, జొన్న, ఎర్రనేలలో ఈ ప్రాంతపువారు బుడ్డలనీ శెనక్కాయలనీ పిలిచే వేరుశనగ, గట్ల వెంబడి ఆముదం, అక్కడక్కడ కుసుమ, నువ్వులు పండే ఈ నేలకు రైలు రావడమంటే, పండింది బయటికి పోవడమే కాదు, ఎవరు ఎక్కడ తయారుచేశారో తెలియని సరుకు లోపలికి రావడం కూడా.

నాణ్యతలో మూడు రకాలు

నాణ్యత అంతా ఒకే రకం కాదు. అమెరికా ఆర్థికవేత్త ఫిలిప్ నెల్సన్ 1970లో వస్తువు గుణాలను రెండుగా విడదీశాడు: కొనకముందే చూసి తెలుసుకోగలిగేవి ఒక రకం, కొని వాడిన తరువాతనే తెలిసేవి రెండో రకం. 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్నీ మూడో రకాన్ని చేర్చారు: వాడిన తరువాత కూడా కొనేవాడు తనంతట తాను తేల్చుకోలేక, ఎవరో ఒకరిని నమ్మి తీరవలసిన గుణాలివి. శెనక్కాయ గింజ నిండుగా ఉందా తాలుగా ఉందా అన్నది మొదటి రకం, చీర రంగు నిలుస్తుందా ఉతికితే దిగుతుందా అన్నది రెండో రకం, పసుపు పండిన పొలంలో పురుగుమందు చల్లారా లేదా అన్నది మూడో రకం. ఈ విభజనను ఊరి బజారుకు వర్తింపజేస్తే, పాతకాలపు కొనుగోలు అలవాట్లు చాలావరకు మూడో రకం గుణాన్ని మొదటి రకంలోకి మార్చుకునే ఉపాయాలని తెలుస్తుంది. అంటే, నమ్మవలసిన దానిని చూడదగినదిగా చేసుకోవడమే వాటి సారం.

గానుగ దగ్గర

ఆ ఉపాయాల్లో ప్రధానమైనది గానుగ. నేలలో పాతిన పెద్ద రోలు, అందులో ఏటవాలుగా తిరిగే రోకలి, ఆ రోకలికి కట్టిన కాడి, గంతలు కట్టిన ఎద్దు కలిస్తే గానుగ; దాన్ని నడిపేవారు వంశపారంపర్యంగా నూనె తీసే గాండ్లవారు. రైతు కుటుంబం నూనెను కొనడం తక్కువ, ఆడించుకోవడం ఎక్కువ: ఇంట్లో ఒలిచి, చెరిగి, తాలూ పుచ్చూ ఏరిన గింజలను మూటగట్టి గానుగకు పంపేవారు, నూనె దిగిందాకా ఇంటి మనిషి ఒకరు అక్కడే కూర్చునేవారు, తీసినవాడికి కూలిగా డబ్బో గింజలో కొంత చెక్కో ముట్టేది, మిగిలిన చెక్క పశువుల దాణాకు ఇల్లు చేరేది. ఈ ఏర్పాటులో నూనెను పరీక్షించవలసిన అవసరం పెద్దగా లేదు, ఎందుకంటే రోట్లో పడిన ప్రతి గింజా ఇంటివారు ఏరినదే. తెచ్చిన నూనెను కుండలో కదలకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగి పైన తేట నిలిచేది. ఆ మడ్డి ఎంత, తేట ఏ రంగు, వాసనలో కమురు ఉందా లేదా అన్నవి చూసుకుంటే చాలేది.

ఆముదం విషయంలో గానుగ కూడా అవసరం లేకపోయేది. గింజలను దోరగా వేయించి, దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మరో పాత్రలో మళ్లీ కాచేవారు. అలా కాచేటప్పుడు నూనెలో మిగిలిన నీరు చిటపటలాడుతుంది, ఆ చప్పుడు ఆగిందంటే నీరు ఇగిరిపోయిందనీ నూనె నిలవ ఉంటుందనీ గుర్తు. వంటాముదమని పిలిచే ఈ నూనెను తలకూ దీపానికీ బాలింత వైద్యానికీ వాడేవారు. ఇక్కడ నాణ్యతకు కొలమానం చెవికి అందే ఒక గుర్తు; రసాయనశాస్త్రం భాషలో అది తేమ శాతాన్ని తేల్చే పరీక్షే గాని, దాన్ని చేసేవారు ఎవరి ధ్రువపత్రమూ అడగనక్కరలేదు.

ఇదే సూత్రం దుకాణంలో కొనే వస్తువులకూ వర్తించింది. పసుపును కొమ్ములుగా, మిరపను కాయలుగా, ధనియాలను గింజలుగా, కుంకుడును కాయలుగా, సీకాయను ఎండు కాయలుగా కొని, ఇంట్లో దంచుకోవడమో తరువాతి రోజుల్లో పిండిమరలో ఆడించుకోవడమో తెలుగు ఇళ్లలో గట్టిగా నిలబడిన అలవాటు. దీని వెనక ఉన్నది పొదుపు మాత్రమే కాదు. పసుపు కొమ్మును విరిస్తే లోపలి రంగు కనబడుతుంది. అదే పసుపు పొడిలో పిండి కలిసిందా, మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగు కలిసిందా, లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిసిందా అన్నది కంటికి ఆనదు. కుంకుడుకాయను ఊపితే గింజ గలగలలాడుతుంది, పెంకు ముడతలు చూస్తే ఈ ఏటిదో నిరుటిదో తెలుస్తుంది, నానబెట్టి పిసికితే సాపోనిన్ అనే సహజ పదార్థం వల్ల నురగ వస్తుంది. పొడిగా మారాక నురగ ఒక్కటే మిగులుతుంది, ఆ నురగ దేనిదో చెప్పలేము. వస్తువు రూపం మారకముందే కొనాలనే ఈ నియమం, ఎక్కడా రాసిపెట్టకపోయినా, ఇల్లాళ్లు తరతరాలుగా పాటించిన నాణ్యతా విధానం.

కొలతా కొసరూ

నాణ్యత చూసుకున్నాక మిగిలేది పరిమాణం, అక్కడ కొనేవాడి చేతిలో ఉన్న సాధనాలు మరీ తక్కువ. మద్రాసు రాజధానిలో చలామణీ అయిన తూకాల లెక్క ప్రకారం 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీసె, 8 వీసెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ; మణుగు దాదాపు 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు. ఉత్తర భారతంలో మణుగు అంటే 82 పౌండ్లకు పైమాటే. బొంబాయి పత్తి వర్తకులు బారువకు సమానంగా వాడిన క్యాండీ 784 పౌండ్లు కాగా మద్రాసు క్యాండీ 500 పౌండ్లు. నేటికీ దూదిని సుమారు 356 కిలోల క్యాండీ లెక్కనే వర్తకులు అమ్ముతున్నారు. ధాన్యం, పప్పులు తూకంతో కాక శేరుతోనో పడితోనో కొలిచే సరుకులు గనుక, గిన్నె అంచు మీద గుట్టగా పోసి కొలిచారా, అంచుకు సమంగా తుడిచి కొలిచారా అన్నదాన్ని బట్టి ఒకే గిన్నెకు రెండు కొలతలుండేవి.

ఇలాంటి చోట కొసరు అనే ఆచారం ఒక పని చేసింది. కొలత అయిపోయాక పైన వేసే గుప్పెడు సరుకు దుకాణదారు ఉదారతకు గుర్తుగా కనబడినా, నిజానికి అది కొలతలో మోసం జరిగి ఉండవచ్చుననే అనుమానానికి ముందే చెల్లించిన పరిహారం. ఖాతా పెట్టుకుని అరువు తెచ్చుకునే కుటుంబం వేరే దుకాణానికి సులువుగా పోలేదు, ఆ కుటుంబాన్ని పోగొట్టుకుంటే దుకాణదారుకు పాత బాకీ వసూలు కాదు, కాబట్టి ఇద్దరినీ కట్టి ఉంచిన అప్పే కొంతవరకు నిజాయితీకి హామీగా నిలిచింది. ఆ హామీకి హద్దు కూడా అదే: పద్దు ఎక్కువగా ఉన్న పేదకుటుంబం నాసిరకం జొన్నలు వచ్చినా నోరెత్తలేకపోయేది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలై, పలమూ వీసే వెనకబడి గ్రామూ కిలో వచ్చిన తరువాతనే దేశమంతటికీ ఒకే రాయి వచ్చింది.

ఆదోని మండీలో పత్తికి పేర్లు

కొనేవాడు కళ్లెదుట లేని సరుకును మొదటిసారి పెద్ద ఎత్తున పరీక్షకు పెట్టింది పత్తి. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి దూది ఆగిపోయి ఇంగ్లండు మిల్లులు భారతదేశం వైపు తిరిగినప్పుడు, బళ్ళారి, కర్నూలు నల్లరేగడి పత్తికి గిరాకీ అమాంతం పెరిగింది; గిరాకీతో పాటే దూదిలో గింజలూ మట్టీ కలపడం, బరువుకోసం తడపడం, మంచిరకంలో నాసిరకం కలపడం కూడా పెరిగాయి. లివర్‌పూల్ వర్తకుడు మద్దికెర పొలాన్ని చూడలేడు గనుక అతనికి కావలసింది సరుకును వర్ణించే ఒక పేరు. అలా బళ్ళారి, ఆదోని వైపు పత్తికి ‘వెస్టర్న్స్’, నంద్యాల, కడప వైపు పత్తికి ‘నార్తర్న్స్’ అనే వర్తక నామాలు స్థిరపడ్డాయి. పింజ పొడవు, అంటే దూది పోగు పొడవు, నాణ్యతకు మొదటి కొలమానం; చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పోగులను సమంగా పేర్చి, ఎంత పొడవున్నాయో చూపుతోనే అంచనా కట్టే నైపుణ్యం మండీ వర్తకులది.

ఒక పేరుకు విలువ వచ్చిందంటే దాన్ని దొంగిలించేవారూ వస్తారు. నాసిరకం పత్తిని రైల్లో తెచ్చి మంచిరకం పండే చోట కలిపి, ఆ ఊరి పేరు మీద అమ్మే మోసాన్ని ఆపడానికి 1923లో పత్తి రవాణా చట్టం, మిల్లుల్లో కల్తీని అదుపుచేయడానికి 1925లో జిన్నింగు, ప్రెస్సింగు కర్మాగారాల చట్టం వచ్చాయి. 1921లో ఏర్పడిన భారత కేంద్ర పత్తి సంఘం ఈ రెండింటికీ వెనక నిలిచింది. మండీలో జరిగే బేరం మరో సమస్య: దళారీ, వర్తకుడూ గుడ్డ కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కి ధర తేల్చుకునే పద్ధతిలో సరుకు యజమాని అయిన రైతుకే తన సరుకు ధర ఎలా కుదిరిందో తెలిసేది కాదు. 1928లో నివేదిక ఇచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ నియంత్రిత మార్కెట్లు కావాలని సూచించింది, 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది, 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం దాని స్థానంలో నిలిచింది. నేడు రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని యార్డు ఒకటి. గుడ్డ కింది బేరానికి బదులు బహిరంగ వేలం రావడం, తూకం అందరి ముందూ జరగడం అన్నవి గానుగ దగ్గర కూర్చున్న గృహస్థు సూత్రాన్నే, అంటే పని కళ్లెదుట జరగాలన్న దాన్నే, చట్టంగా మార్చిన సందర్భాలు.

బట్ట, ముద్ర, సంఘం

బయటికి పోయిన దూది మిల్లు బట్టగా తిరిగి వచ్చింది. మాంచెస్టరు తానుల మీద దేవతల బొమ్మలూ ఏనుగులూ నెమళ్లూ అచ్చువేసిన రంగుకాగితపు ‘టిక్కెట్లు’ అంటించి ఉండేవి. చదువురాని కొనుగోలుదారు ఆ బొమ్మను బట్టి ఫలానా సరుకును గుర్తుపట్టి మళ్లీ అదే అడిగేవాడు గనుక, ఆ బొమ్మలు ఈనాటి బ్రాండు చేసే పనే చేశాయి. అయితే చేతికి దిట్టంగా తగిలిన తాను ఉతికితే పలచబడేది, ఎందుకంటే 19వ శతాబ్దంలో ఇంగ్లీషు మిల్లులు నూలుకు పెట్టే గంజిలో చైనా మట్టి అనే తెల్లని బంకమన్ను విపరీతంగా కలిపి బట్ట బరువు పెంచడం పేరుమోసిన అక్రమం. 1889 నాటి సరుకుల గుర్తుల చట్టం తాను మీద దాని పొడవును గజాల్లో ముద్రించాలని నిర్బంధించింది. పొడవును చట్టం చూసుకుంది గాని, దిట్టం ఎంతకాలం నిలుస్తుందన్నది ఉతికి తెలుసుకోవలసినదిగానే మిగిలింది.

రంగుల విషయంలో మార్పు మరింత లోతైనది. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం తెలిసిన అద్దకంవారి చేతుల్లో తయారై, ఎన్ని ఉతుకులకు ఎంత దిగుతాయో అనుభవంతో తేలిన రంగులు. 1869లో అలిజరిన్ అనే ఎర్రరంగును జర్మనీ రసాయనవేత్తలు కృత్రిమంగా తయారుచేయడం, 1897లో కృత్రిమ నీలి బజారుకు రావడంతో కొన్ని దశాబ్దాల్లో సహజ రంగుల సాగు కుప్పకూలింది. కొత్త రంగుల్లో నిలిచేవీ ఉన్నాయి, మొదటి ఉతుకుకే దిగేవీ ఉన్నాయి, చూడడానికి రెండూ ఒకే మాదిరి మెరుస్తాయి. దాంతో దుకాణంలోనే చీర కొంగు చివరను తడి వేళ్లతో నలిపి, ఆ తడిని తెల్లగుడ్డకు అద్ది చూసే అలవాటు బలపడింది. వాడి తెలుసుకోవలసిన గుణాన్ని కొనకముందే తెలుసుకునే ప్రయత్నమది.

ఖద్దరు వచ్చేసరికి ఆ ఉపాయమూ చెల్లలేదు. నూలు చేత్తో వడికిందా మిల్లుదా అన్నది తడిపినా నలిపినా మామూలు కొనుగోలుదారుకు తెలియదు. జాతీయోద్యమం వల్ల ఆ పేరుకు గౌరవం వచ్చినకొద్దీ మిల్లు నూలు బట్టను ఖద్దరని అమ్మేవారు పెరిగారు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం అమ్మకందారులకు ధ్రువపత్రాలివ్వడం మొదలుపెట్టగా, 1934లో ఖద్దరు పేరును కాపాడే చట్టం వచ్చి, ఖద్దరు, ఖాదీ అన్న మాటలను చేతితో వడికి చేతితో నేసిన బట్టకు మాత్రమే వాడాలని నిర్దేశించింది; 1950లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. వస్తువు ఎలా ఉందన్నది కాక, ఎలా తయారైందన్న దాన్నే నాణ్యతగా గుర్తించి, దాన్ని సూచించే మాటకు కంచె వేసిన తొలి భారతీయ చట్టాల్లో ఇదొకటి.

ఎమ్మిగనూరు అనుభవం ఈ చర్చకు మరో మెట్టు చేరుస్తుంది. 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో ఏర్పడిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం, అప్పుల్లో చిక్కి షావుకార్ల నూలుకు కట్టుబడిన నేతగాళ్లకు నూలు ఇచ్చి, నేసిన బట్టను తీసుకుని, తన పేరు మీద అమ్మే ఏర్పాటును నిలబెట్టింది. దుప్పట్లు, తువ్వాళ్లు, చొక్కాగుడ్డలు ఆ ఊరి పేరుతో దూర ప్రాంతాలకు చేరాయి, సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. సహకార సంఘాల పద్ధతిలో బట్టను తీసుకునేటప్పుడు కొలత, వెడల్పు, నూలు నంబరు, అంగుళానికి పడిన పోగుల సంఖ్య సరిచూస్తారు; నూలు నంబరంటే దాని సన్నదనాన్ని చెప్పే అంకె, నంబరు పెరిగితే పోగు సన్నం. అంగుళం వెడల్పున్న చిన్న భూతద్దాన్ని బట్ట మీద ఉంచి పోగులు లెక్కపెట్టే ఆ పరిశీలన దుకాణంలో నిలబడిన కొనుగోలుదారు చేయలేనిది. ఇక్కడ కొనేవారు బట్టను పరీక్షించడం మాని, బట్టను పరీక్షించే సంఘాన్ని పరీక్షించారు. ఒకసారి మోసపోతే సంఘం పేరు మొత్తం పోతుంది గనుక, వేలాది మంది నేతగాళ్ల మంచిపేరు ఒక్క ముద్రకు తాకట్టుపడింది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఈ పద్ధతినే దేశవ్యాప్తం చేసిన ప్రయత్నం.

డబ్బా, ప్రయోగశాల

నూనె, నెయ్యి విషయంలో ప్రభుత్వం ముందే రంగంలోకి దిగింది. మద్రాసు రాజధానిలో 1918లోనే ఆహార కల్తీ నిరోధక చట్టం ఉంది. 1937లో వ్యవసాయ ఉత్పత్తుల శ్రేణీకరణ, ముద్రణ చట్టం వచ్చి అగ్‌మార్క్ గుర్తుకు పునాది వేసింది. అదే సంవత్సరం బొంబాయిలో డాల్డా తయారీ మొదలైంది. నికెల్ సాయంతో నూనెలోకి హైడ్రోజన్ వాయువును ఎక్కించి గట్టిపరిచే ఈ వనస్పతి, చూపుకూ చేతికీ పూసకట్టిన నెయ్యిని పోలి ఉండడంతో, నెయ్యిలో దాన్ని కలిపి అమ్మడం దేశవ్యాప్త సమస్య అయింది. పూస చూడడం, అరచేతి వెనక రాసి వాసన చూడడం వంటి ఇంటి పరీక్షలు దీని ముందు ఓడిపోయాయి. వనస్పతికి ఏదైనా రంగు కలపాలన్న వాదం చాలాకాలం సాగినా తగిన రంగు దొరకలేదు. దాని బదులు ప్రతి వనస్పతి డబ్బాలోనూ కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని నియమం పెట్టారు. బాడూయిన్ పరీక్షలో, అంటే అనుమానించిన నెయ్యికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ కలిపి కుదిపినప్పుడు, నువ్వుల నూనె ఉంటే ఎర్రని రంగు తేలుతుంది. నెయ్యిలో నువ్వుల నూనె ఉండదు గనుక ఎరుపు కనబడిందంటే వనస్పతి కలిసినట్టు. రాయలసీమ గానుగల్లో నలిగిన నువ్వే ఆ విధంగా కల్తీని పట్టిచ్చే సాక్షి అయింది.

1954లో వచ్చిన ఆహార కల్తీ నిరోధక చట్టం కింద ప్రతి నూనెకూ అంకెలు నిర్ణయించారు. వేరుశనగ నూనెకు అయొడిన్ సంఖ్య, అంటే ఆ కొవ్వు ఎంత అయొడిన్‌ను పీల్చుకుంటుందో చెప్పే కొలత, 85 నుంచి 99 మధ్య ఉండాలి. ఒక నిర్ణీత పద్ధతిలో చల్లబరిచినప్పుడు నూనె మసకబారే ఉష్ణోగ్రత 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి, పామోలిన్ వంటి ఇతర నూనెలు కలిస్తే ఈ అంకెలు తప్పుతాయి. పత్తిగింజల నూనెను పట్టడానికి గంధకంతో చేసే హాల్ఫెన్ పరీక్ష ఉంది. పత్తీ వేరుశనగా పక్కపక్కనే పండి రెండింటి నూనెలూ తీసే ఆదోని వంటి చోట ఈ పరీక్ష ప్రాముఖ్యం వేరే చెప్పనక్కరలేదు.

అయితే ప్రయోగశాల అంకె కూడా పొలాన్ని దాటి పోలేదనడానికి నెయ్యే నిదర్శనం. నెయ్యిలో సహజంగా ఉండి ఆవిరితో బయటికి వచ్చే కొవ్వు ఆమ్లాలను కొలిచే రైకర్ట్-మైసెల్ సంఖ్య తక్కువగా ఉంటే కల్తీ జరిగిందని అనుమానించాలి. కాని పత్తిగింజలు మేసిన పశువుల నెయ్యిలో, ఏ కల్తీ లేకపోయినా, ఆ సంఖ్య తగ్గుతుంది, హాల్ఫెన్ పరీక్షకు కూడా ఆ నెయ్యి పత్తినూనె కలిసినట్టే స్పందిస్తుంది. అందుకే పత్తిగింజలను విస్తారంగా మేపే ప్రాంతాలను ‘పత్తి ప్రాంతాలు’గా గుర్తించి, అక్కడి నెయ్యికి తక్కువ ప్రమాణం నిర్ణయించే ఏర్పాటు చట్టంలోనే చేశారు. పశువు ఏం తిన్నదో తెలియని ప్రయోగశాల నిజాయితీపరుణ్ణి దోషిగా తేల్చగలదు. ప్రమాణానికి అర్థం స్థలాన్ని తెలుసుకుంటేనే వస్తుంది.

1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి ఎందరో జలోదర రోగం పాలై, మరణాలు సంభవించిన తరువాత, అదే ఏడు వంటనూనెల ప్యాకింగు ఉత్తర్వు వచ్చి విడి నూనె అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. డబ్బాలోంచి సీసాలోకి వంపించుకుని, వేలికి రాసుకుని వాసన చూసి కొనే పద్ధతికి అది పెద్ద దెబ్బ. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు నికర తూకం, ధర, తయారీదారు పేరు చీటీ మీద ఉండాలని అప్పటికే నిర్దేశించాయి. సబ్బు విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ మొత్తం కొవ్వు పదార్థం ఆధారంగా శ్రేణులు నిర్ణయించి, మొదటి శ్రేణి స్నానపు సబ్బులో అది కనీసం 76 శాతం, రెండో దానిలో 70, మూడో దానిలో 60 ఉండాలన్నది. ఇంత సమాచారం చీటీ మీద ఉన్నా, అత్యధికులు చదివేది ధరనూ గడువు తేదీనీ మాత్రమే. ఆహార ప్యాకెట్ల మీది, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తూ 14 అంకెల సంఖ్యా తయారీదారుకు లైసెన్సు ఉందని మాత్రమే చెబుతాయి గాని, అగ్‌మార్క్ లాగా సరుకు శ్రేణిని చెప్పవు.

‘సహజం’ అన్న మాట

గత రెండు దశాబ్దాల్లో బజారు మళ్లీ పాత పదాలను వెతుక్కుంది. కట్టె గానుగ నూనె, రసాయనాలు లేని పసుపు, ఇంటి సున్నిపిండి, సహజ సబ్బు అన్న మాటలు పట్టణ దుకాణాల్లో ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. రాయలసీమ పట్టణాల్లో మోటారుతో తిరిగే కట్టె గానుగలు దుకాణం ముందుభాగంలోనే కనబడుతున్నాయి. కొనేవాడి ముందే గింజ పోసి నూనె తీయడం వల్ల వీటికి వచ్చిన నమ్మకం ఊరి గానుగ నమ్మకానికి వారసత్వమే, ఆ నమ్మకానికి కారణమూ ఉంది: పామోలిన్ కలపడం వంటి మోసం కళ్లెదుట సాధ్యం కాదు.

అయినా ఆ గానుగ చూపలేనిది ఒకటుంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు పెద్ద సంఖ్యలో చచ్చిపోయినప్పుడు, వాటి దాణాలో వాడిన వేరుశనగ పిండిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు విడుదల చేసిన విషం బయటపడింది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాయ ఊరే దశలో వానలు వెనక్కుపోయి నేల బెట్టకు వచ్చినప్పుడు ఈ బూజు చేలోనే పడుతుంది, కోశాక తేమతో నిలవచేస్తే పెరుగుతుంది. రెండు పరిస్థితులూ రాయలసీమకు కొత్తవి కావు. శుద్ధి చేసిన నూనెలో క్షార ప్రక్రియల వల్ల ఈ విషం పోతుంది. శుద్ధి చేయని నూనెలో, చెడ్డ గింజ పడితే, కొంత మిగలవచ్చు, పశువులకు వేసే చెక్కలో మరింత మిగులుతుంది. అంటే సహజమన్న మాట భద్రతకు హామీ కాదు, శుద్ధి అన్న మాట ప్రతిసారీ నింద కాదు. పూర్వపు ఇల్లాలు బూజుపట్టిన, ముడుచుకున్న, చేదు గింజలను చేటలో ఏరిపారేసిన పని నేటి దుకాణంలో ఎవరు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఇప్పుడు ఈ మాటల మీదనే దృష్టి పెట్టింది. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన ప్రకటనలు, వాదనల నిబంధనలు ‘సహజం’, ‘స్వచ్ఛం’, ‘తాజా’, ‘సంప్రదాయం’ వంటి మాటలను ఎప్పుడు వాడవచ్చో షరతులు విధించాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఏర్పడిన కేంద్ర సంస్థకు తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్య తీసుకునే అధికారం ఉంది, 2024 అక్టోబరులో పర్యావరణహితమని ఆధారం లేకుండా చెప్పుకోవడాన్ని అదుపుచేసే మార్గదర్శకాలు వచ్చాయి. 1991లోనే ఇంటి వస్తువులకు మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ అనే పథకాన్ని ప్రభుత్వం ప్రకటించింది. ఆ గుర్తు బజారులో దాదాపు కనబడకపోవడం, ముద్రను సృష్టించడం తేలిక గాని దాన్ని కొనేవారి అలవాటుగా మార్చడం కష్టమని తెలుపుతుంది. సేంద్రియ పంటల విషయంలో రెండు దారులున్నాయి: 2001 నుంచి అమలైన జాతీయ కార్యక్రమం కింద బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి ధ్రువీకరించడం ఒకటి, పీజీఎస్ అనే పద్ధతిలో రైతుల బృందాలు ఒకరి పొలాన్ని మరొకరు చూసి హామీ ఇవ్వడం రెండోది. 2016లో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వల్ల ఈ ప్రశ్న మెట్ట మండలాల రైతుకూ ఎదురయింది. మందు కొట్టలేదని ఇరుగుపొరుగు చేలవారికి తెలిసినంతగా దూరపు ఇన్‌స్పెక్టరుకు తెలియదు, కాని ఇరుగుపొరుగు మొహమాటం దూరపు ఇన్‌స్పెక్టరుకు ఉండదు.

పశ్చిమ కర్నూలు చరిత్రను మొత్తంగా చూస్తే, ఒక పద్ధతి పోయి మరో పద్ధతి రావడం కన్నా, ప్రతి కొత్త పద్ధతీ పాతదానికి సాధ్యంకాని ఒక గుణాన్ని పట్టుకోవడానికి పుట్టడం కనబడుతుంది. కన్నూ ముక్కూ నిండు గింజనూ కమురు వాసననూ పట్టగలవు, భూతద్దం పోగుల సంఖ్యను పట్టగలదు, బాడూయిన్ పరీక్ష వనస్పతిని పట్టగలదు, అఫ్లటాక్సిన్‌ను పట్టడానికి ప్రయోగశాల తప్ప గతిలేదు, చేనేతనూ సేంద్రియ సాగునూ తేల్చడానికి ఏ పరీక్ష కన్నా పని జరిగే చోటును చూసిన మనిషి సాక్ష్యమే బలమైనది. అందువల్ల నేటి వినియోగదారు నాణ్యత గురించి చెప్పే మాటను తూచవలసింది దాని తియ్యదనాన్ని బట్టి కాదు, ఆ గుణం ఏ రకానిదో, దాన్ని ఎవరు ఎక్కడ ఏ సాధనంతో చూశారో, అది అబద్ధమైతే నష్టపోయేది ఎవరో అన్న మూడు ప్రశ్నలను బట్టి. ఆదోని మార్కెట్ కమిటీ, ఎమ్మిగనూరు సంఘం, అగ్‌మార్క్ ముద్ర నిలబడినంత కాలం నిలబడింది ఈ మూడింటికీ సమాధానం చెప్పగలిగినందుకే. సమాధానం లేని ‘సహజం’ కేవలం ఎక్కువ ధర మాత్రమే.